వేలాడే బుట్టకు ఆకు రాలని ఫెర్న్ ఏది?

నేను చదివింది అయిదో తరగతి వరకే. పద్దెనిమిదో ఏట స్పిన్నింగు మిల్లులో చేరినాను. రింగు ఫ్రేము తావ సైడరుగా ముప్పై ఏండ్లకు పైగా నిలబడి పని చేసి, ఇప్పుడు మా ఊరు వేప్పనపల్లిలో ఇంటిపట్టున ఉండాను. రాసే అలవాటు లేదు, తప్పులుంటే సర్దుకోండి. మొక్కల గురించి ఏదన్నా రాయమన్నారు. టమేటా, మిరప, కరివేపాకు గురించి అందరూ రాస్తా ఉండారు కదా అని, రెండేండ్లుగా నన్ను ఏడిపించిన మొక్క గురించి రాస్తాను. దాని పేరు ఫెర్న్.

ఫెర్న్ మీరు చూడకుండా ఉండరు. పాత బావిలోకి తొంగి చూస్తే రాతి సందుల్లో నల్లటి సన్న కాడతో, చిన్న చిన్న ఆకులతో పచ్చగా ఒకటి మొలిచి ఉంటుంది. అది ఫెర్న్ జాతే. పువ్వు పూయదు, కాయ కాయదు, విత్తనం ఉండదు. ఆకు అడుగున గోధుమ రంగు చుక్కలు వస్తాయి. ఆ చుక్కల్లోని పొడి నుంచే కొత్త మొక్కలు పుడతాయి. లేత ఆకు పుట్టేటప్పుడు పొట్టేలు కొమ్ము మాదిరి చుట్టుకుని ఉండి, మెల్లగా విప్పుకుంటుంది. వేలాడే బుట్టలో పెడితే నాలుగు పక్కలా కిందికి దిగి, చూసేదానికి చానా బాగుంటుంది. మన మాదిరి ఇరుకు ఇండ్లకు ఈ వేలాడే బుట్టలు బాగా పనికొస్తాయి. నేల పట్టవు, కోళ్ళు గీరవు, మేక నోటికి అందవు.

చిక్కల్లా ఆకు రాలడంతోనే.

మా ఇంటామె కూడా మిల్లు మనిషే. కోన్ వైండింగులో ఇరవైరెండేండ్లు చేసింది. పక్క మిషనులో ఈమెతో పని చేసిన స్నేహితురాలు, పని మానుకుని కొడుకు తావకు పోతా పోతా, ఒక బోస్టన్ ఫెర్న్ పిలకను ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఇచ్చి పోయింది. ఆరు నెలలు తిరక్క ముందే ఆమె చనిపోయింది. ఆ పిలక మా వాకిట్లో పెరిగి మూడు బుట్టలు అయింది. వాటికి నీళ్ళు పోసినాకనే ఈమె కాఫీ తాగేది.

ఇంగొక పక్క ఈమెకు ఆయాసం. దూది దుమ్ముతో బతికిన మనకు ఆ సంగతి విడమరచి చెప్పే పని లేదు. సెలవు తరువాత సోమవారం పనిలోకి పోతే రొమ్ము బిగేసినట్టు ఉండేది గుర్తుందా? దూది దుమ్ము వల్ల వచ్చే ఆ జబ్బుకు డాక్టర్లు బిసినోసిస్ అని పేరు పెట్టినారు. బ్లో రూములో, కార్డింగులో చేసినోళ్ళకు ఎక్కువ వస్తుంది. వైండింగు వాళ్ళు కూడా ఆ గాలే పీల్చినారు కదా. మా ఇంటామెకు ఇప్పుడు ఉండేది ఉబ్బసం అని డాక్టరమ్మ రాసింది. పీల్చే మందు ఇచ్చి, గట్టిగా ఒక మాట చెప్పింది. "అమ్మా, నువ్వు చీపురు పట్టుకోకూడదు. దుమ్ము లేచే పని ఏదీ చేయకూడదు. తడిగుడ్డతో తుడిచే పనైతే చేసుకో." ఆ పొద్దు నుంచి ఊడ్చే పని నాదే.

పోయిన సంవత్సరం మార్చిలో ఎండలు ముదిరేటప్పటికి, ఆ మూడు బుట్టల కింద పొద్దున లేస్తే పిడికెడు ఎండాకు. తొక్కితే పొడి పొడి. నేను పాలకు పోయి వచ్చేటప్పటికి వాకిలి శుభ్రంగా ఉండేది. గాలికి కొట్టుకుపోయింది కాబోలు అనుకున్నాను. మగోళ్ళ బుద్ధి ఇంతే. ఒక రాత్రి పదకొండు గంటలకు ఆమెకు ఊపిరి ఆడలేదు. ఆటో పిలిచి కృష్ణగిరికి తీసుకుపోయినాము. ఆసుపత్రిలో ముక్కుకు ఆవిరి మందు పెట్టినాక తెల్లారుజామున కుదుటపడింది. అప్పుడు చెప్పింది: నేను పాలకు పోయినప్పుడంతా ఆమే ఊడుస్తా ఉండిందంట. "నువ్వు చూస్తే బుట్టలు తీసేస్తావని" అనింది.

ఆమె జబ్బు ఫెర్న్ వల్ల వచ్చింది కాదు. ఆ జబ్బు ఎక్కడ నుంచి వచ్చిందో మనకు తెలుసు. అయినా ఇంటికి రాగానే కోపంగా మూడు బుట్టలూ దించి ఇంటి వెనక పడేసినాను. రెండు దినాలు ఆమె నాతో మాట్లాడలేదు. మూడో దినం "ఆకు రాలని ఫెర్న్ ఉండాదేమో విచారించు, వాకిలి బోసిగా ఉండాది" అనింది. అట్ల మొదలైంది నా వెతుకులాట.

ముందు ఫెర్న్ ఆకు ఎందుకు రాలుతుందో తెలుసుకోవాలని చూసినాను. బోస్టన్ ఫెర్న్ ఆకు ఒకటి తెంపి చేతిలో పెట్టుకుని చూడండి. నడిమిన పొడుగు ఈనె, దానికి రెండు పక్కలా చింతాకు మాదిరి, కాకపోతే పెద్దవిగా, చిట్టాకులు. ఒక ఈనెకు ఎంచితే నూటఇరవై పైన లెక్క వచ్చింది. ప్రతి చిట్టాకూ ఈనెకు అంటుకునే చోట ఒక చిన్న కీలు మాదిరి ఉంటుంది. నీళ్ళు చాలకపోయినా, గాలి ఎండిపోయినా ఆ కీలు తావ ఊడి రాలిపోతుంది. ఈనె మాత్రం బోడిగా బుట్టలోనే నిలబడి ఉంటుంది. అంటే ఒక్క ఆకు ఎండితే మీ వాకిట్లో నూరు ముక్కలు పడతాయి.

కొన్ని ఫెర్న్‌లకు చిట్టాకులే ఉండవు. ఒకే ఆకు, అరిటాకు మాదిరి. అది ఎండినా మొత్తంగా ఎండుతుంది, చేత్తో తీసి పారేస్తే సరిపోయె. మూడో రకానికి చిట్టాకులు ఉంటాయి కానీ మందంగా, బిరుసుగా ఉంటాయి. తొందరగా ఎండవు. నర్సరీకి పోయినప్పుడు పేర్లు గుర్తు లేకపోయినా ఈ తేడా గుర్తుంటే చాలు. వేలితో ఆకును తడిమి చూడండి. సిగరెట్టు కాగితం మాదిరి పలచగా ఉంటే రాలుతుంది.

ఇంగ గాలి సంగతి. ఇది మన మిల్లోళ్ళకు చెప్పినంత సులభంగా వేరేవాళ్ళకు చెప్పలేము. గాలిలో తేమ తగ్గితే పోగు తెగుతుంది కదా? హ్యుమిడిఫికేషన్ ప్లాంటు పది నిమిషాలు నిలిచిపోతే ఫ్రేము మీద ఎట్ల పోగులు తెగేవో, మేస్త్రీ ఎట్ల అరిచేవాడో మరిచిపోయినామా! రింగు ఫ్రేము తావ తేమ నూటికి 55, 60 ఉండేటట్టు చూసేవాళ్ళు. మగ్గాల తావ ఇంకా ఎక్కువ. ఫెర్న్‌కు కూడా అదే లెక్క. అది అడివి నీడలో, వాగు ఒడ్డున, బావి గోడలో పుట్టిన జాతి. మన కృష్ణగిరి పక్క ఎండాకాలపు గాలి దానికి పడదు.

మిల్లులో గోడకు రెండు థర్మామీటర్లు ఉండేవి, ఒకదానికి తడిగుడ్డ చుట్టి. అదే ఇంట్లో చేసినాను. గోడకు తగిలించే థర్మామీటర్లు రెండు కొని, ఒకదాని గుండుకు పలచటి మల్లుగుడ్డ చుట్టి, గుడ్డ కొస నీళ్ళ సీసాలో వదిలినాను. గాలి ఎంత పొడిగా ఉంటే రెండిటి నడుమ తేడా అంత ఎక్కువ. మిల్లులో 32, 25 ఉండేది, అంటే ఏడు డిగ్రీల తేడా. మా వాకిట్లో ఏప్రిల్ మధ్యాహ్నం రెండు గంటలకు 36, 22. పద్నాలుగు డిగ్రీల తేడా. తేమ నూటికి 30 దరిదాపు. దాంట్లో బోస్టన్ ఫెర్న్ బతికి ఉండడమే గొప్ప. మా ఇంటామె చూసి "మిల్లు వదిలినా నీకు మిల్లు వదల్లేదు" అని నవ్వింది. ఆసుపత్రి నుంచి వచ్చినాక ఆమె నవ్వింది అదే మొదలు.

చానామంది సీసాతో ఆకుల మీద నీళ్ళు చిమ్ముతారు. మేమూ చేసినాము. పదిహేను నిమిషాలకు ఆరిపోతుంది, మళ్ళీ మామూలే. మిల్లులో ప్లాంటు పగలూ రాత్రీ తిరిగితేనే పోగు నిలిచేది. దినానికి రెండుసార్లు చిమ్మితే ఏమవుతుంది?

రకాలు కొని చూద్దామని నిర్ణయించినాను. ఎండలు తగ్గినాక, జూలైలో హోసూరు పక్క నర్సరీలకు పోయినాను. హోసూరు మనకంటే ఎత్తున ఉండే ఊరు, చల్లన. అందుకే అక్కడ పాలీహౌసుల్లో గులాబీలు అంత బాగా వస్తాయి. ఆగస్టు 15 పూల ప్రదర్శన అప్పుడు కూతురితో బెంగళూరు లాల్‌బాగుకు కూడా పోయి వచ్చినాను. అందరూ 1889లో పునాది వేసిన గాజు ఇంట్లో పూల అలంకారం చూస్తా ఉంటే నేను నీడలో ఫెర్న్‌లు వెతుక్కుంటా తిరిగినాను. కూతురు "నాయనా, నీతో వస్తే పూలు చూసే భాగ్యం లేదు" అనింది.

మొత్తం అయిదు రకాలు కొన్నాను. పాత బోస్టన్ ఒక బుట్ట కూడా మళ్ళీ తెచ్చి, ఆరు బుట్టలూ వరుసగా కట్టినాను. ఒక్కొక్క దాని కింద పాత పేపరు పరిచి, పొద్దున రాలినవి ఎంచి నోటుబుక్కులో రాసినాను. మిల్లులో పోగుల తెగుడు లెక్క తీసేవాళ్ళు కదా, గంటకు నూరు కదుళ్ళకు ఎన్ని అని. అట్లనే. వానాకాలంలో అన్నీ మంచి పిల్లల మాదిరి ఉండినాయి. అసలు గుణం ఈ సంవత్సరం మార్చి, ఏప్రిల్‌లో తెలిసింది.

బోస్టన్ ఫెర్న్. మార్కెట్లో ఎక్కువ దొరికేది ఇదే. 1894లో అమెరికాలో ఫిలడెల్ఫియా నుంచి బోస్టన్‌కు పంపిన ఫెర్న్ మొక్కల్లో ఒకటి వేరే మాదిరి, ఆకు వంగి జాలువారుతా కనిపించిందంట. దాని సంతానమే ఇది. అందం దీనిదే, కాదనను. ఏప్రిల్‌లో దినానికి నూటనలభై, నూటయాభై చిట్టాకులు. ఒక దినం నీళ్ళు మరిస్తే రెండు నూర్లు దాటింది. ఇందులోనే ఆకు నలిగి ముడతలు ముడతలుగా, నురగ మాదిరి ఉండే రకాలు వస్తాయి. వాటిని నేను కొనలేదు. రాలేది ఇంకా సన్నగా ఉంటుంది, చీపురుకు కూడా చిక్కదు.

ఆస్పరాగస్ ఫెర్న్, నర్సరీలో స్ప్రెంగేరి అంటారు. ఇది పేరుకే ఫెర్న్. నిజానికి మన పిల్లిపీచరకు చుట్టం. అదే, శతావరి అని వేర్లు అమ్ముతారే, ఆ జాతి. సన్నటి ముండ్లు ఉంటాయి. సూదుల మాదిరి ఆకులు. "దీనికి నీళ్ళు తక్కువైనా ఏమీ కాదు తాతా" అని నర్సరీ పిల్లోడు అంటగట్టినాడు. మొక్క చావదు, వాడు చెప్పింది నిజమే. గడ్డల్లో నీళ్ళు దాచుకుంటుంది. కానీ మట్టి ఒకసారి ఎండిందంటే సూదులన్నీ పసుపుపచ్చగా మారి జల్లు మాదిరి రాలుతాయి. లెక్క పెట్టలేక మానుకున్నాను. దుమ్ము పడని మనిషి ఉండే ఇంట్లో ఇది వద్దే వద్దు. పక్కింటి వదిన అడిగితే ఇచ్చేసినాను. ఆమె గేటు బయట పెట్టుకునింది, అక్కడైతే బాగుంది.

కింబర్లీ క్వీన్. ఇది కూడా బోస్టన్ కులమే, కానీ ఆస్ట్రేలియా పక్క నుంచి వచ్చిన జాతి. ఆకు కొంచెం మందం, రంగు ముదురు, నిటారుగా నిలబడుతుంది. బోస్టన్ మాదిరి కిందికి జారదు. అందుకని వేలాడే బుట్టలో పెడితే మొదట బోడిగా కనిపిస్తుంది. మా ఇంటామెకు మొదట నచ్చలేదు. "చీపురుకట్ట తిరగేసి పెట్టినట్టుంది" అనింది. ఆరు నెలలకు బుట్ట నిండి, బయటి ఆకులు వంగి, చూడముచ్చటగా అయింది. ఏప్రిల్‌లో దీని లెక్క: దినానికి ఆరు నుంచి పది. రెండు దినాలు ఊరికి పోయి నీళ్ళు పోయలేదు, వచ్చి చూస్తే పదిహేడు. ఎండను కూడా బోస్టన్ కంటే ఎక్కువ ఓర్చుకుంటుంది. పొద్దుటి ఎండ రెండు గంటలు పడినా ఏమీ అనలేదు. మా వాకిలికి ఇదే సరైనది అని తేలింది.

చేపతోక ఫెర్న్. ఆకు కొసలు చేప తోక మాదిరి చీలి ఉంటాయి. గట్టి మొక్క. దినానికి ఇరవై దాకా రాల్చింది. కింబర్లీ దొరకకపోతే ఇది తెచ్చుకోవచ్చు. కాకపోతే పెద్దగా పెరుగుతుంది, చిన్న బుట్ట చాలదు. బోస్టన్ జాతిలోనే డల్లాస్ అని ఒక పొట్టి రకం ఉంది. పొడి గాలిని ఓర్చుకుంటుందని పేరు. ఎక్కడన్నా కనిపిస్తే వదలకండి.

బ్లూ స్టార్ ఫెర్న్. దీని ఆకు బూడిద కలిసిన నీలం రంగు, వెడల్పుగా, చేతివేళ్ళ మాదిరి చీలి ఉంటుంది. విడివిడి చిట్టాకులు లేవు. బొచ్చు ఉండే దుంపలు మట్టి మీదనే పాకుతాయి. వాటిని పూడ్చకూడదు, పూడిస్తే కుళ్ళిపోతాయి. నెలకు రెండో మూడో ఆకులు ముదిరి పసుపురంగు తిరుగుతాయి, మొత్తం ఆకు మొదలు తావ ఊడి వస్తుంది. ఊడ్చే పనే లేదు. వెల మాత్రం బోస్టన్‌కు మూడింతలు.

బర్డ్స్ నెస్ట్ ఫెర్న్. పెద్ద పెద్ద ఆకులు పక్షిగూడు మాదిరి చుట్టూ పేర్చినట్టు ఉంటాయి. అడివిలో చెట్టు కొమ్మల మీద కూర్చుని బతికే జాతి, కాబట్టి బుట్టలో సుఖంగానే ఉంటుంది. నడిమి గూట్లో నీళ్ళు నిలవనీయకుండా చుట్టూ మట్టికి పోయాలి. ఎండిన ఆకు రాలదు, కిందికి వాలిపోతుంది, కత్తెరతో తీసేయాలి. అయితే ఒక మాట. ముదిరిన ఆకుల అడుగున గోధుమ రంగు చారలు వస్తాయి. తెల్లటి గుడ్డ కింద పరిస్తే ఆ పొడి తెలుస్తుంది. పురుగు అనుకుని మందు కొట్టకండి, మొదట్లో చెప్పిన విత్తనం లాంటి పొడి అదే. కింబర్లీకి కూడా ఇట్ల చుక్కలు వస్తాయి. మా ఇంట్లో అయితే చుక్కలు ముదురు రంగు తిరిగిన ఆకును నేనే తడిగుడ్డతో పట్టుకుని కోసేస్తా ఉండాను. ఆయాసం లేని ఇంట్లో ఇంత చాదస్తం అక్కరలేదు.

బావి గోడ ఫెర్న్ సంగతి చానామంది అడుగుతారు. అది చూడముచ్చటైనదే కానీ మన వాకిలి గాలికి రెండు దినాల్లో ముడుచుకుపోతుంది. దాన్ని బావిలోనే ఉండనీయండి.

నర్సరీలో ఎట్ల ఎంచుకోవాల అంటే: కుండీని చేత్తో పట్టుకుని రెండుసార్లు మెల్లగా తట్టండి. చిట్టాకులు రాలితే పక్కన పెట్టండి. మట్టి మీద, కుండీ అడుగున ఎండాకు పేరుకుని ఉందేమో చూడండి. నడిమిన కొత్త చుట్టాకులు, అదే పొట్టేలు కొమ్ములు, ఉండాలి. మార్చిలో కొనొద్దు. ఆషాఢం నుంచి కార్తీకం దాకా కొంటే వేరు పట్టి ఎండాకాలానికి తట్టుకునే బలం వస్తుంది. నర్సరీలో వలనీడలో, తడి గాలిలో పెరిగిన మొక్క మన ఇంటికి రాగానే మొదటి రెండు వారాలు ఏ రకమైనా కొంత రాలుస్తుంది. కొత్త కోడలికి కూడా పుట్టింటి మీద బెంగ ఉంటుంది కదా. ఆ రెండు వారాలు చూసి తీర్పు చెప్పకండి.

గాలి శుభ్రమవుతుంది, ఆయాసానికి మంచిది అని చెప్పి ఫెర్న్ అమ్మేవాళ్ళు ఉండారు. నాకూ ఒకాయన చెప్పినాడు. ఇంట్లో రోగి ఉన్నప్పుడు ఇట్లాంటి మాట చెవిలో తేనె పోసినట్టే ఉంటుంది. దీనికి మూలం 1989లో అమెరికా నాసా వాళ్ళు చేసిన ఒక పరీక్ష. దాన్ని వాళ్ళు గాలి చొరబడని మూసిన పెట్టెల్లో చేసినారు. మన ఇండ్లు పెట్టెలు కావు, కిటికీ, తలుపు, పెంకు సందు అన్నిటా గాలి ఆడుతుంది. ఒక బుట్ట ఫెర్న్ ఆ గాలిని ఏమీ చేయలేదు. డాక్టరు ఇచ్చిన మందు మానకండి. కంటికి చల్లగా ఉంటుంది, అందుకోసం పెంచండి.

బుట్ట గురించి కొంచెం. కొబ్బరి పీచు పరిచిన తీగ బుట్ట అందంగా ఉంటుంది కానీ నాలుగు పక్కలా గాలి తగిలి తొందరగా ఎండుతుంది. నేను తెలివి చేసినానని మిల్లు వేస్టు దూది లోపల పరిచినాను. నెలకు బూజు పట్టి వాసన వచ్చింది. ఆ తప్పు మీరు చేయకండి. గోనెసంచి ముక్క పరిచి, దాని లోపల రంధ్రాలు పెట్టిన ప్లాస్టిక్ కవరు వేస్తే నీళ్ళు నిలుస్తాయి. మట్టిలో సగం కొబ్బరి పొట్టు, మిగతాది ఎర్రమట్టి, బాగా చివికిన ఎరువు. పై నుంచి నీళ్ళు పోస్తే పక్కల నుంచి జారిపోతాయి, నడిమి మట్టి ఎండి ఉంటుంది. వారానికి ఒకసారి బుట్టను దించి నీళ్ళ తొట్టిలో పావుగంట ముంచి పెట్టండి. తడిసిన బుట్ట బరువు ఆరు కిలోల దాకా ఉంటుంది. కాబట్టి కొక్కెం దూలానికి గట్టిగా ఉండాల. కింద ఎవరు కూర్చుంటారో చూసుకోండి.

నీళ్ళ విషయం మన పక్క వాళ్ళకు ముఖ్యం. మన జిల్లాలో బోరు నీళ్ళు ఎంత ఉప్పో గిన్నెల మీద తెల్లటి పొర చూస్తే తెలుస్తుంది. ఫ్లోరైడు కూడా ఉండబట్టే కదా, ధర్మపురి, కృష్ణగిరి జిల్లాలకు హొగెనక్కల్ నుంచి కావేరి నీళ్ళు తెచ్చింది. 2013లో ఆ పథకం మొదలైంది. ఉప్పు నీళ్ళు పోస్తా ఉంటే ఫెర్న్ ఆకు కొసలు కాలినట్టు అవుతాయి, రాలుడు ఎక్కువవుతుంది. వాన నీళ్ళు పట్టి పెట్టుకుంటే మేలు. బియ్యం కడిగిన నీళ్ళు అప్పుడప్పుడు మేమూ పోస్తాము. తాగే నీళ్ళు మొక్కకు పోయమని నేను చెప్పను, మా వీధిలో బిందెల వరుస నాకు తెలుసు.

బుట్టను ఫ్యాను కింద, పడమటి గాలి కొట్టే మూల కట్టొద్దు. తూర్పు వాకిలి లేదా ఉత్తరం వాకిలి మేలు. రెండు మూడు బుట్టలు దగ్గర దగ్గరగా కడితే ఒకదాని తేమ ఒకదానికి కొంచెం పనికొస్తుంది.

ఇప్పుడు మా వాకిట్లో రెండు కింబర్లీ, ఒక బ్లూ స్టార్ ఉండాయి. పాత బోస్టన్‌లు ఏమైనాయి అని అడుగుతారు. లెక్క అయినాక వాటిని పారేయడానికి నాకే చేయి రాలేదు. మూడిటినీ మొదలుకంటా కోసి, ఇంటి వెనక గుడ్డలుతికే బండ పక్కన, మామిడి చెట్టు నీడలో నేలలో నాటినాను. ఉతికిన నీళ్ళు నేరుగా పడకుండా చిన్న గట్టు వేసి, ఆఖరున జాడించే నీళ్ళు మాత్రం పోయేటట్టు చేసినాను. ఎప్పుడూ తడి. థర్మామీటర్లు అక్కడ పెట్టి చూస్తే తేడా ఎనిమిది డిగ్రీలే. నెలన్నరకు కొత్త కొమ్ములు లేచినాయి. ఇప్పుడు మోకాలెత్తు. అక్కడ రాలినా ఎవరూ ఊడ్చే పని లేదు, మట్టిలోనే కలిసిపోతుంది. బోస్టన్ ఫెర్న్ మొదలు నుంచి సన్నటి దారాల మాదిరి తీగలు వదులుతుంది, అవి మట్టి తగిలిన చోట పిలక వేస్తాయి. మా ఇంటామె ఆ పిలకలు తీసి చిన్న కవర్లలో నాటుతుంది. పోయిన నెల ఆ స్నేహితురాలి కూతురు దోవలో మా ఇంటికి వస్తే, ఒకటి ఇచ్చి పంపింది. "ఇది మీ అమ్మదే. నీళ్ళ పక్కన పెట్టుకోమ్మా, వాకిట్లో వద్దు" అని మరీ మరీ చెప్పింది.

నేను ఇప్పుడు కూడా పొద్దున పేపరు పరిచి ఎంచుతా ఉండాను. నిన్న మూడు బుట్టల కింద కలిపి నాలుగు. ఆమె పక్కన కూర్చుని ఎంచింది. ఆమె లెక్కకు అయిదు.